మంగళవారం సెలవు

పెరంబూరు బ్యారక్స్ రోడ్డులో నా సెలూన్‌కి
రెండు కుర్చీలు, ఒకటిన్నర అద్దం.
పగిలిన సగానికి క్యాలెండరు అతికించాను.
ఎత్తిరాజులు ఎప్పుడూ నిండు అద్దం ముందే కూర్చునేవాడు.

కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై ఆరేళ్లు వెల్డింగు.
"నా చేతి పెట్టెలు ఇప్పటికీ గౌహతి దాకా పోతా ఉండాయి.
ఒక్క అతుకు ఊడిందంటే ఈ మీసం తీసెయ్ అప్పా" అనేవాడు.
ఆ మీసానికి నెలకి రెండుసార్లు నల్లరంగు.
గడ్డం మాత్రం ఇంట్లోనే, తన చేత్తోనే.
"మొగోడి మెడ మీద ఇంకొకడి కత్తి ఏంది?"

ఆడి నెలలో ఒక మంగళవారం,
షాపుకి సెలవు, నేను లోపల కత్తెర్లు తుడుస్తున్నాను.
సగం దించిన షట్టరు కింద నుంచి వంగి వచ్చాడు.
దవడ కింద మూడు చోట్ల పేపరు ముక్కలు
నెత్తురుకి అంటుకుని ఉన్నాయి.
"ఇంట్లో అద్దం పగిలిందప్పా" అన్నాడు.
నేను ఆయన చెయ్యి చూడలేదు.
చూడకపోవడం కూడా మా పనిలో భాగమే.
కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు,
అల్లరిపిల్లాణ్ణి అదిమి పట్టినట్టు.

నలభై ఏళ్లుగా మగవాళ్ల తలలు పట్టుకుంటున్నాను.
అరవై దాటినవాణ్ణి ఎవరూ తాకరు.
మనవడు కాళ్లకి దణ్ణం పెడతాడు, అది తాకడం కాదు.
డాక్టరు దండకి పట్టీ చుట్టి గాలి కొడతాడు, అదీ కాదు.
నేను నురగ రాసి చెంప పక్కకి తిప్పితే
కొందరు కళ్లు మూసుకుంటారు,
ఎండిన గోడ సున్నాన్ని పీల్చినట్టు.

గీసి, పటిక రుద్ది, వేడి తువ్వాలు కప్పాను.
కాసేపటికి తువ్వాలు కదిలింది.
ముక్కు దగ్గర కాదు, కళ్ల దగ్గర.
భుజాలు మాత్రం వెల్డరు భుజాలే, బిగిసి ఉన్నాయి.
రేడియో పెంచాను.
తువ్వాలు చల్లారింది. తియ్యలేదు.
దానిమీద ఇంకొకటి కప్పాను.

లోపల నుంచి, ఆవిరితో కలిసి, మాట:
"నిద్ర లేదప్పా. మూడు గంటలకి సైరను వినబడతాది.
మోగలేదని తెలుసు. అయినా లేచి ప్యాంటు తొడుక్కుంటా.
గుండీ పట్టదు ఈ చేతికి. ఆమెని లేపాలంటే సిగ్గు.
రైలుగేటు దాకా పోయి నిలబడతా.
నేను అతికించిన పెట్టే వస్తాదేమో అని..."
ఆగిపోయాడు.

నాకు చదువు లేదు.
"మీసానికి రంగు వెయ్యనా?" అన్నాను,
అంత తెలివితక్కువ మాట నా జన్మలో అనలేదు.
నవ్వాడో ఏమో, తువ్వాలు ఒకసారి ఉబ్బింది.

మా పేటలో ఎవరైనా తిక్కగా మాట్లాడితే
"కీల్పాక్‌కి పంపించాలి వీణ్ణి" అంటాం.
నేనే వెయ్యిసార్లు అనుంటాను, ఈ కుర్చీ వెనక నిలబడి,
గిరాకీల నవ్వు కోసం.
ఆ పేరు ఆ రోజు బ్లేడు ముక్కలా నాలుక కింద పడింది.
"ఓపీ చీటీకి డబ్బుల్లేవు అక్కడ" అన్నాను చివరికి.
"నాకూ పనుంది, కలిసి పోదాం."
"నీకేం పని?"
చెప్పేవాణ్ణే.
తువ్వాలు ఆయన మొహం మీద ఉంది, నా మొహం మీద లేదు.

గురువారం బస్సెక్కాం.
ఇంట్లో కంటి పరీక్ష అని ఆయన,
కత్తెర్లకి సాన అని నేను.
పెద్దవాళ్ల ఉచిత టోకెన్లు జేబులో మడత నలక్కుండా ఉన్నాయి.
బయటికి తియ్యలేదు.
డబ్బులిచ్చి కొన్నాడు, రెండు టిక్కెట్లు.

వరసలో మా ముందు పదకొండుమంది.
ఒకాయన మెడ వెనక గీత వంకరపోయి ఉంది,
ఎవడు గీశాడో, సరిచెయ్యాలని నా వేళ్లు జిలపెట్టాయి.
"వయసు?" అంది చీటీ రాసే అమ్మాయి.
"అరవై" అన్నాడు ఎత్తిరాజులు.
మోచేత్తో పొడిచాను.
"డెబ్బై ఒకటి" అన్నాడు గట్టిగా,
పెట్టె నంబరు చదివినట్టు.

సంతకం దగ్గర పెన్ను జారింది.
ఈసారి చెయ్యి దాచుకోలేదు.
నేను వంగేలోపే వంకరగీత ఆయన తీసి అందించాడు.
ఆయన చెయ్యీ వణుకుతోంది.
కాసేపు ఇద్దరి వేళ్ల మధ్య ఆ పెన్ను,
ఎవరి వణుకో తెలియకుండా.

తర్వాత ఆ అమ్మాయి
నా పేరు అడిగింది.